ఐ5-7400 తీసేసి కొత్త ప్రాసెసర్, బోర్డు వేయాలి. 18,000లో అవుతుందా?

పెళ్లి_వీడియో_అనంత (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, సాయినగర్. పగలంతా ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాక రెండు గంటలు గేమ్స్ ఆడతాను. ముహూర్తాల సీజన్‌లో పని ఇంటికి కూడా తెచ్చుకుంటాను కాబట్టి ఈ కంప్యూటర్ నాకు ఆటకూ కావాలి, కూటికీ కావాలి.

2018లో చీనీ తోట కాపు డబ్బు చేతికి వచ్చినప్పుడు మా నాన్న దీన్ని అసెంబుల్ చేయించి ఇచ్చాడు. ఇంటెల్ ఐ5-7400, బి250 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 2400 ర్యామ్ ఒకే స్టిక్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా). మొదట జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉండేది. పోయిన దసరాకు స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 1660 సూపర్ తీసుకున్నా. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్.

కార్డు మార్చాక ఆట బాగా సాగుతుందని చాలా ఆశపడ్డాను. జీటీఏ 5లో ఊరి బయట రోడ్ల మీద పర్వాలేదు. కారును సిటీలోకి తిప్పగానే 60 ఉన్న ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మలు) 30కి పడిపోతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. వాలరంట్‌లో 120 వరకు వస్తుంది గానీ, ఐదారుగురు ఒకచోట చేరి పొగ బాంబులు వేసుకునేసరికి జర్క్ కొడుతుంది. సరిగ్గా అప్పుడే చస్తాను. ఆఫ్టర్‌బర్నర్ అనే కొలిచే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ప్రాసెసర్ 100 శాతం, కార్డు మాత్రం 55 శాతం దగ్గరే ఉంటుంది.

ఇక్కడ ఒక షాపులో అడిగితే, మీది పాత తరం, ఏం వేసినా దండగ, మొత్తం కొత్తది తీసుకోండి, 62,000 అవుతుంది, పాతది 9,000కి తీసుకుంటాం అన్నారు. మా స్టూడియోలో పనిచేసే అన్న, సెకండ్ హ్యాండ్ ఐ7-7700 వేస్తే చాలు, 6,500కి ఉంది అంటున్నాడు. ఇంకొకాయన, నీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1151యే కదా, ఐ5-9400ఎఫ్ వేసేయ్, ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు) వస్తాయి అన్నాడు. ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలో తెలియక మూడు వారాలుగా టెన్షన్ పడుతున్నాను.

నా దగ్గర 18,000 ఉంది. ఇంకో వెయ్యి కూడా అప్పు చేయదలచుకోలేదు. కార్డు, డిస్కులు, క్యాబినెట్ అలాగే ఉంచి ప్రాసెసర్, బోర్డు మాత్రం మార్చితే సరిపోతుందా? ఏది తీసుకోమంటారు?

బుధవారపేట_సర్వీస్ (కర్నూలు)

తమ్ముడూ, నేను కర్నూలులో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. 2009 అక్టోబరు వరదల్లో నీళ్లు తాగిన బోర్డులు ఆరబెట్టి బాగుచేయడంతో ఈ పని నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఇదే. నువ్వు వివరాలు ఇంత పద్ధతిగా రాసినందుకు సంతోషం. సగం మంది "గేమ్ ల్యాగ్ అవుతోంది, ఏం చేయాలి" అని మాత్రమే రాస్తారు.

ముందు ఆ 9400ఎఫ్ మాట పక్కన పెట్టు. సాకెట్ పేరు 1151 అనే ఉంటుంది, ప్రాసెసర్ కూర్చుంటుంది కూడా, కానీ సిస్టమ్ ఆన్ అవదు. 8, 9 తరాలకు ఇంటెల్ 300 సిరీస్ బోర్డు అడుగుతుంది. నీ బి250 ఏమో 200 సిరీస్. దీని మీద 6, 7 తరాలు తప్ప నడవవు. ఈ ఒక్క సంగతి తెలియక డబ్బు పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఐ7-7700 నీ బోర్డులో నడుస్తుంది. నీ ఐ5లో నాలుగు కోర్లు, నాలుగు త్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు). అందులో నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు, వేగం కూడా 4.2 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. తేడా కచ్చితంగా తెలుస్తుంది. మూడేళ్ల కిందట అడిగుంటే నేనే తీసుకోమనేవాణ్ణి. ఇప్పుడు వద్దంటాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. 7700 ఆ గీతకు ఇవతలే ఆగిపోయింది. ఏడెనిమిదేళ్లు వాడిన బోర్డు మీద 6,500 పెట్టి, ఆ బోర్డే రేపు పోతే ఆ ప్రాసెసర్‌ను ఎక్కడ కూర్చోబెడతావు?

షాపువాళ్లు చెప్పిన 62,000 మాట కూడా వద్దు. నీ దగ్గర ఉన్నవాటిలో విలువైనవి రెండున్నాయి. ఒకటి 1660 సూపర్. రెండోది, నువ్వు లెక్కలోకి తీసుకోనిది, డీడీఆర్4 ర్యామ్. ఈ మధ్య ర్యామ్ ధరలు ఎట్లా పెరిగాయో చూస్తున్నావు కదా. ఏఎండీ వాళ్ల రైజెన్ 7600 లాంటి ఏఎం5 సాకెట్ ప్రాసెసర్ కొంటే డీడీఆర్5 తప్పనిసరి, నీ స్టిక్ పనికిరాదు. అందుకే నీ బడ్జెట్‌లో ఏది కొన్నా డీడీఆర్4 తీసుకునే బోర్డే కొనాలి. మిగతా లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అయితే ఏదైనా కొనేముందు రెండు పనులు చెయ్యి. ఖర్చు లేనివే.

ఒకటి, క్యాబినెట్ మూత తీసి చూడు. అనంతపురం ఎండ, దుమ్ము నాకు తెలుసు. కూలర్ రెక్కల్లో దూది పరుపులా దుమ్ము పట్టి ఉంటుంది. బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేసి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఎండిపోయిన పాత పేస్ట్ తుడిచి కొత్తది వెయ్యి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకో. ఆడేటప్పుడు ప్రాసెసర్ వేడి దాని హద్దుకు చేరుతుంటే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. అప్పుడు నీకు జర్క్ కొడుతుంది.

రెండు, ఎవరి దగ్గరైనా ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ ఒక్క రోజు అడిగి తెచ్చి రెండో స్లాట్‌లో పెట్టు. ఒకే స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కు మెమరీ ఒంటిదారిలో అందుతుంది. రెండు పెడితే దారి రెండింతలు అవుతుంది. పైగా 8 జీబీ ఇప్పుడు గేమ్‌కూ చాలదు, ఎడిటింగ్‌కూ చాలదు. మెమరీ నిండిపోతే విండోస్ డిస్క్ మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. ఆ ఆగి ఆగి కదలడంలో రొంత దీనివల్ల కూడా కావచ్చు. ఆ తర్వాత గేమ్ రిజల్యూషన్‌ను 720పీకి తగ్గించి చూడు. అప్పుడు కూడా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే కార్డు మీద ఏ తప్పూ లేదు, ప్రాసెసరే పట్టి ఆపుతోందని తేలిపోయినట్టు.

అది తేలాక నీ ముందు రెండు దారులు. ఇంటెల్ వైపు ఐ3-12100ఎఫ్, దానికి హెచ్610 బోర్డు. ఏఎండీ వైపు రైజెన్ 5 5600, దానికి బి450 గానీ బి550 గానీ. 12100ఎఫ్‌లో నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లే అయినా ఒక్కో కోరు బలంగా ఉంటుంది. నీ వాలరంట్‌కు చాలా ఎక్కువ. తక్కువలో కూడా అయిపోతుంది. కానీ నువ్వు వీడియోలు ఎడిట్ చేస్తున్నావు. నీకు నేను 5600 చెబుతాను. ఆరు కోర్లు, పన్నెండు త్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ), 65 వాట్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. నీ ఎస్ఎంపీఎస్ మీద కూడా భారం పడదు.

షాపులో 5600 బదులు 5500 అంటగడతారు, జాగ్రత్త. పేరులో వంద తేడాయే కనబడుతుంది గానీ 5500లో ఎల్3 క్యాష్ సగం, 16 ఎంబీ మాత్రమే. అందులో పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకు పోయే దారి) కూడా 3.0 దగ్గరే ఆగిపోతుంది. గేమ్స్‌లో ఆ క్యాష్ చాలా పని చేస్తుంది, నీ ర్యామ్ 2400 కాబట్టి నీకు ఇంకా అవసరం. రైజెన్‌లో లోపలి భాగాలను కలిపే దారి ర్యామ్ వేగంతో పాటే నడుస్తుంది. 3200 ర్యామ్ ఉంటే అది 1600 మెగాహెర్ట్జ్, నీ 2400తో 1200. అందుకని 5600 తన సత్తా మొత్తం నీకు ఇప్పుడే చూపించదు. రేపు ర్యామ్ ధరలు దిగితే 3200 జత వేసుకో, అదే ప్రాసెసర్ ఇంకా చురుగ్గా అవుతుంది.

బోర్డు బి450 చాలు. బి550లో గ్రాఫిక్స్ స్లాట్ 4.0 వేగంతో ఉంటుంది గానీ నీ 1660 సూపర్ 3.0 కార్డే. అయితే బి450 కొనేటప్పుడు బయోస్ (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్) సంగతి తప్పక అడుగు. ఆ బోర్డు 5000 సిరీస్ కంటే ముందు వచ్చింది. పాత స్టాక్ అయితే అప్‌డేట్ చేసేదాకా 5600ను గుర్తుపట్టదు, తెర మీద ఏమీ రాదు. డబ్బా మీద "రైజెన్ 5000 రెడీ" అన్న స్టిక్కర్ ఉందో చూడు, లేకపోతే షాపులోనే అప్‌డేట్ చేయించి, ఆన్ చేసి చూపించమను. ప్రాసెసర్ పక్కనున్న పవర్ భాగం మీద హీట్‌సింక్ ఉన్న బోర్డే తీసుకో. మన ఊళ్లలో మే నెలలో గదిలోనే 40 ఉంటుంది, ఆ చిన్న అల్యూమినియం ముక్క అవసరం అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక్కటి. 5600లో గానీ 12100ఎఫ్‌లో గానీ లోపల డిస్‌ప్లే లేదు. మానిటర్ కేబుల్‌ను కార్డుకే పెట్టాలి. కార్డు పోయిన రోజు బొమ్మే రాదు. ఎడిటింగ్‌లో ఇంటెల్ క్విక్ సింక్ (ప్రాసెసర్‌లోని వీడియో ఎన్‌కోడర్) వాడుతుంటే అది కూడా పోతుంది. దాని గురించి దిగులు పడకు, 1660 సూపర్‌లోని ఎన్‌వెంక్ ఎన్‌కోడర్ ఆ పని చక్కగా చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ మార్చుకుంటే చాలు.

కడప_బీటెక్ (కడప)

అన్నా, నేను కడపలో బీటెక్ మూడో సంవత్సరం. పోయిన ఏడాది నా రైజెన్ 3 2200జీ తీసి 5600 నేనే వేసుకున్నాను. పైన చెప్పినవన్నీ నిజం. నాకు జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నా.

పాత కూలర్‌ను నేను నిటారుగా పైకి లాగాను. పేస్ట్ గట్టిపడి అతుక్కుపోవడంతో సాకెట్ లాక్ వేసి ఉండగానే ప్రాసెసర్ కూలర్‌తో పాటు ఊడొచ్చేసింది. ఈ రైజెన్లు కూర్చునే ఏఎం4 సాకెట్‌లో పిన్నులు బోర్డు మీద కాదు, ప్రాసెసర్ కిందే ఉంటాయి, మొత్తం 1331. నాలుగు వంగిపోయాయి. ఆ రోజు నేను ఏడ్చేశాను. మెకానికల్ పెన్సిల్‌లో ములుకు తీసేసి, ఆ సన్నని గొట్టాన్ని ఒక్కో పిన్నుకు తొడిగి, గంటన్నర కూర్చుని నిలబెట్టాను. మీరు ఇప్పుడు వేసేది కొత్తదే అయినా, దుమ్ముకు ఏడాదికోసారి కూలర్ తీయక తప్పదు. తీసేముందు పదిహేను నిమిషాలు ఏదైనా గేమ్ నడిపి వేడెక్కించండి. సిస్టమ్ ఆపి, స్విచ్ తీసి, కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ వదులు చేశాకే ఎత్తండి. ఇంటెల్ 12వ తరంలో ఇది ఉండదు గానీ అక్కడ పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వేలు తగిలితే చాలు బోర్డే పోతుంది.

ప్రాసెసర్ మూల మీద బంగారు రంగు చిన్న త్రిభుజం ఉంటుంది. సాకెట్ మీద కూడా ఉంటుంది. ఆ రెండూ ఒకవైపు పెట్టి వదిలితే తనంతట తానే దిగుతుంది. నొక్కాల్సి వస్తే ఎక్కడో తప్పుగా పెట్టినట్టే.

విండోస్ మాత్రం కొత్తగానే వేసుకోండి. ముందు సి డ్రైవ్‌లో డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, మీ ఎడిటింగ్ ప్రాజెక్టులు అన్నీ హార్డ్ డిస్క్‌లోకి మార్చేయండి. వేసేటప్పుడు ఆ హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి ఉంచితే పొరపాటున దాన్ని ఫార్మాట్ కొట్టే భయం ఉండదు. విండోస్ 11లో వాలరంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో ఉండాలి, లేకపోతే గేమ్ తెరుచుకోదు. బయోస్‌లో సీఎస్ఎం (పాత బూట్ పద్ధతి) ఆపి, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆన్ చేసి, బూట్ లిస్టులో యూఈఎఫ్ఐ పేరుతో కనబడే పెన్‌డ్రైవ్‌నే ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయండి. నేను అది తెలియక మొత్తం రెండుసార్లు వేశాను.

బిల్లు గురించి కూడా చెప్పాలి. నా మొదటి బోర్డు మూడు నెలలకే పోయింది. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోలేదు. ఇది మా దగ్గర కొన్నది కాదు అని షాపువాళ్లు చేతులు దులిపేసుకున్నారు. 5,000 పోయాయి. ఒక సెమిస్టర్ మొత్తం ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు అది. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్లు, రెండూ లేకుండా షాపు మెట్లు దిగొద్దు అన్నా.

గుత్తి_రైల్వే (గుత్తి)

ఒక మాట. బెంగళూరు ఎస్పీ రోడ్డులో తక్కువకు వస్తుందని చాలామంది పోతుంటారు, నేను కూడా పోయాను. రెండు వస్తువుల కోసమైతే పోనవసరం లేదు. రానూపోనూ చార్జీ, ఒక రోజు పని, మళ్లీ వారంటీకి అంతదూరం. అక్కడి ధర, ఆన్‌లైన్ ధర రెండూ కాగితం మీద రాసుకుని మీ ఊరి షాపులోనే బేరమాడండి. రెండు మూడు వందల తేడా అయితే ఊళ్లోనే తీసుకోండి. ఇంకొకటి, ప్రాసెసర్ డబ్బాలో ఉన్నదే అడగండి. డబ్బా లేకుండా విడిగా ఇచ్చేదాన్ని ట్రే అంటారు, రొంత చవక. కానీ కూలర్ రాదు, డబ్బా ప్రాసెసర్‌కు ఉండే మూడేళ్ల కంపెనీ వారంటీ కూడా దానికి ఉండదు.

పెళ్లి_వీడియో_అనంత

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ దండాలు. కర్నూలు అన్న చెప్పిన రెండు పనులూ ఈ ఆదివారం చేశాను.

మూత తీస్తే కూలర్ కింది వైపు రెక్కలు కనబడనే లేదు. పేస్ట్ సున్నంలా పొడి పొడి అయిపోయింది. శుభ్రం చేశాక ఆడేటప్పుడు వేడి 91 నుంచి 72కి దిగింది. పక్కింటి అబ్బాయి దగ్గర 8 జీబీ స్టిక్ తెచ్చి పెట్టాను. జీటీఏలో సిటీలోకి పోతే ఇప్పుడు 30కి పడటం లేదు, 45 దగ్గర నిలబడుతోంది. ఆగి ఆగి కదలడం సగం పైన తగ్గింది. ఒక్క రూపాయి పెట్టకుండా ఇంత తేడా వస్తుందని అనుకోలేదు. 720పీ చేసి చూశాను. అదే 45, ఒక్కటి కూడా పెరగలేదు. అంటే ప్రాసెసరే కదా అన్నా?

ఇంకో అనుమానం. నా ఎస్ఎంపీఎస్ ఏడేళ్లు దాటింది. ఉంచొచ్చా?

బుధవారపేట_సర్వీస్

ప్రాసెసరే, ఇక సందేహం వద్దు.

ఎస్ఎంపీఎస్ సంగతి దాని మీదున్న స్టిక్కర్ చూసి చెప్పాలి. 12 వోల్టుల లైన్ మీద ఎన్ని ఆంపియర్లు రాసుంది? 30 పైన ఉండి, మంచి కంపెనీది అయితే ఇప్పటికి నడుపు. 1660 సూపర్‌కు 125 వాట్లు, 5600కు 65 వాట్లు, మిగతావన్నీ కలిపినా నీకు 300 దాటదు. బోర్డుకు పోయే ప్రాసెసర్ పవర్ వైరు 4+4 పిన్నులదేనా చూడు. ఫ్యాన్ శబ్దం మారినా, కాలిన వాసన వచ్చినా, లోడ్ పడినప్పుడు సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అవుతున్నా ఆ రోజే మార్చేయాలి. చెడిన ఎస్ఎంపీఎస్ ఒంటరిగా పోదు, బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది. కరెంటు ఎక్కువ తక్కువ వచ్చే ఇల్లయితే ముందు చిన్న యూపీఎస్ అయినా పెట్టుకో.

కడప చెల్లీ, పెన్సిల్ ఉపాయం బాగా చేశావు. నేను పాత ఏటీఎం కార్డు అంచుతో వరుస వరుసకూ సరిచేస్తాను.

పెళ్లి_వీడియో_అనంత

పని పూర్తయింది. ఇలాంటి ప్రశ్నతో ఇంకెవరైనా వస్తే ఉపయోగపడుతుందని లెక్కలు రాస్తున్నా.

డబ్బా రైజెన్ 5 5600కు 9,900 రూపాయలు, బి450 మైక్రో ఏటీఎక్స్ బోర్డుకు 5,700. రెండూ కమలానగర్‌లోని ఒక షాపులో. ధరలు కాగితం మీద రాసుకుని పోయాను, మొదట చెప్పినదానికంటే 800 తగ్గించారు. బోర్డు వాళ్ల దగ్గర లేదు, రెండు రోజుల్లో బెంగళూరు నుంచి తెప్పించారు. 5000 స్టిక్కర్ ఉంది, అయినా షాపులోనే ఆన్ చేసి బయోస్ చూపించమన్నాను, చూపించారు. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకున్నాను చెల్లీ. పక్కింటి అబ్బాయి ఆ స్టిక్‌ను 1,900కి నాకే ఇచ్చేశాడు. మొత్తం 17,500.

ఎస్ఎంపీఎస్ మీద 34 ఆంపియర్లు రాసుంది, వైరు 4+4దే. అలాగే ఉంచాను.

బిగించడం నేనే చేశాను. నాలుగు గంటలు పట్టింది. క్యాబినెట్‌లో పాత బోర్డుకు బిగించిన ఇత్తడి స్టాండ్‌ఆఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న మర) ఒకటి కొత్త బోర్డుకు రంధ్రం లేనిచోట ఉంది. చూసుకోకుండా బిగించి ఉంటే బోర్డు అడుగున తగిలి షార్ట్ అయ్యేది. దీని గురించి పైన ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, బోర్డు పెట్టేముందు స్టాండ్‌ఆఫ్‌లన్నీ రంధ్రాలతో సరిపోల్చుకోండి.

జీటీఏలో సిటీ నడిబొడ్డున 90కి తగ్గడం లేదు, కార్డు 95 శాతం పైన పనిచేస్తోంది. వాలరంట్ 200కి దిగట్లేదు, పొగలో కూడా. నిన్న 20 నిమిషాల పెళ్లి హైలైట్స్ ఎక్స్‌పోర్ట్ కొట్టాను. ముందు 34 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 13. నాన్న వెనక నిలబడి చూసి, మనం కొన్న డబ్బానే కదా ఇది అని రెండుసార్లు అడిగాడు. డబ్బా అదే నాన్నా అన్నాను.

పాత బోర్డు, ఐ5 అమ్మలేదు. దాంట్లో డిస్‌ప్లే ఉంది కాబట్టి కార్డు లేకుండా నడుస్తుంది. లినక్స్ వేసి మా చెల్లెలికి డిగ్రీ రికార్డులు రాసుకోవడానికి ఇవ్వాలనుకుంటున్నా. క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ స్టూడియోలో పాతవి దొరికాయి. ర్యామ్ ఇంకా కావాలి. అనంతపురంలో ఎవరి దగ్గరైనా 4 జీబీ డీడీఆర్4 స్టిక్ వాడకుండా ఉంటే చెప్పండి, మీరు ఎక్కడంటే అక్కడికి వచ్చి డబ్బిచ్చి తీసుకుంటాను.